యుద్ధం దాటిన ద్రాక్ష: బెకా లోయ ఎర్ర వైన్ కథ

(తీగ వెంట తీరాలు: ధారావాహిక, 9వ భాగం)

గత భాగంలో మనం సముద్రం మీద ఉన్నాం. తూరు, సీదోను రేవుల్లో ఫినీషియన్ వర్తకులు వైన్ జాడీలను ఓడలకెక్కించి ఈజిప్టు దాకా, ఆపైన మధ్యధరా తీరమంతా అమ్ముకున్న తీరు చూశాం. ఈ వారం రేవు వదిలి కొండ ఎక్కుదాం. బీరూట్ నుంచి తూర్పుగా బయల్దేరి, మౌంట్ లెబనాన్ పర్వతాలను దహ్ర్ అల్ బైదర్ కనుమ దగ్గర దాటితే అవతల కనిపించేది బెకా లోయ. లెబనాన్ వైన్‌లో ఎక్కువ భాగానికి పుట్టినిల్లు అదే. ఆ కనుమ మీదుగా డమాస్కస్ వెళ్లే రోడ్డు ఒకటుంది. లెబనాన్ ఎర్ర వైన్ చరిత్ర అర్థం కావాలంటే ముందు ఆ రోడ్డును గుర్తుపెట్టుకోవాలి. ఈ కథలో మనుషులొచ్చిందీ ద్రాక్ష వెళ్లిందీ ఆ దారినే. యుద్ధం వచ్చి మూసేసిందీ ఆ దారినే.

రెండు కొండల నడుమ

పడమట మౌంట్ లెబనాన్, తూర్పున యాంటీ లెబనాన్. ఈ రెండు పర్వత శ్రేణుల మధ్య సుమారు 120 కిలోమీటర్ల పొడవున పరుచుకున్న పీఠభూమి బెకా. సముద్ర మట్టానికి 900 నుంచి 1,000 మీటర్ల ఎత్తు. లీటానీ, ఒరాంటిస్ నదులు రెండూ ఇక్కడే పుడతాయి. ఒకటి దక్షిణానికి, మరొకటి ఉత్తరానికి సాగిపోతాయి. చలికాలంలో కొండల మీద మంచు పడుతుంది. అది కరిగి భూమిలోకి ఇంకి, వేసవంతా వేళ్లకు అందుతుంది. మే నుంచి సెప్టెంబరు దాకా వాన చుక్క దాదాపు ఉండదు. పగలు ఎండ మండిపోతుంది, రాత్రి చలి వేస్తుంది. పగటి ఎండకు ద్రాక్షలో తీపి పెరుగుతుంది, రాత్రి చలికి పులుపు నిలుస్తుంది. మంచి వైన్‌కి ఈ రెండూ కావాలి. వేసవి పొడిగా ఉంటుంది కాబట్టి తీగకు బూజు తెగుళ్ల బాధ కూడా తక్కువే.

ఈ సంగతి ప్రాచీనులకు బాగా తెలుసు. లోయకు ఉత్తర భాగంలో ఉన్న బాల్‌బెక్‌లో క్రీస్తు శకం 2వ శతాబ్దంలో రోమన్లు కట్టిన ఆలయం ఈనాటికీ నిలబడి ఉంది. అది మధుదేవత బాకస్‌దని ప్రసిద్ధి. ఏథెన్స్‌లోని పార్థినాన్ కన్నా పెద్దది. దాని ద్వారబంధాల మీద చెక్కిన ద్రాక్ష తీగలు, గుత్తులు ఇప్పటికీ స్పష్టంగా కనిపిస్తాయి. ఇక తీరంలో, సీదోనుకు దక్షిణాన టెల్ ఎల్ బురాక్ అనే దిబ్బ దగ్గర క్రీస్తు పూర్వం 7వ శతాబ్దం నాటి ద్రాక్ష తొక్కే తొట్టి బయటపడింది. సున్నంలో పగిలిన కుండపెంకుల పొడి కలిపి నీరు కారకుండా పూత పూసిన తొట్టి అది. తెలుగు బైబిల్ చదివినవారికి హోషేయ గ్రంథం చివరి అధ్యాయంలో లెబానోను ద్రాక్షారసం ప్రస్తావన గుర్తుండే ఉంటుంది. ఆ పేరు అంత పాతది.

అయితే మధ్యయుగాల నుంచి ఒట్టోమన్ల కాలం దాకా ఈ వైన్ వాణిజ్యం బాగా తగ్గిపోయింది. తీగలు పోలేదు. చర్చిల్లో ఆరాధన కోసం, ఇళ్లలో వాడకం కోసం క్రైస్తవ గ్రామాలు చేసుకుంటూనే వచ్చాయి. బయటి ప్రపంచానికి మాత్రం లెబనాన్ వైన్ అంటే పాత పుస్తకాల్లో మాటే అయింది. మళ్లీ కదలిక వచ్చింది 19వ శతాబ్దంలో.

మఠంలో మొదలు

1857లో జెసూట్ సన్యాసులు బెకాలోని జహ్లె పట్టణం దగ్గర క్సారా అనే చోట భూమి సంపాదించి ద్రాక్ష వేశారు. అల్జీరియాలో అప్పటికే ఫ్రెంచివాళ్లు వేసిన రకాలను అక్కడి నుంచి తెప్పించారు. ఆ ఎండకు తట్టుకునే సాన్సో లాంటి ఎర్ర ద్రాక్ష అలా లోయకు చేరింది. సంప్రదాయ పద్ధతిలో చేసే తియ్యటి వైన్‌కి భిన్నంగా, తీపి లేని ఎర్ర వైన్‌ను ఐరోపా పద్ధతిలో తీయడం ఇక్కడ మొదలైంది.

కొద్ది ఏళ్లకే రోడ్డు పడింది. ఒక ఫ్రెంచి కంపెనీ బీరూట్, డమాస్కస్‌ల మధ్య బండ్ల రోడ్డు వేసి 1863లో తెరిచింది. అంతకుముందు కంచరగాడిదల మీద రోజుల తరబడి సాగిన ప్రయాణం ఒక్క రోజుకు తగ్గింది. ఆ రోడ్డు పనికి వచ్చిన ఫ్రెంచి ఇంజనీరు ఫ్రాన్సువా యూజెన్ బ్రున్ లోయను వదల్లేక, ష్తోరాలో స్థిరపడి 1868లో వైనరీ పెట్టాడు. దాని పేరు దొమెన్ దే తూరెల్. ఈనాటికీ నడుస్తోంది. 1895లో రైలు కూడా కొండ దాటింది. లోయ పంట రేవుకు చేరే దారి స్థిరపడింది.

క్సారాకు మరో ఆస్తి కలిసొచ్చింది. మఠంలోని కోళ్లను ఏదో జంతువు ఎత్తుకుపోతోందని అనాథాశ్రమం పిల్లలు దాన్ని తరిమారట. అది దూరిన కన్నం తవ్వి చూస్తే రోమన్ల కాలం నాటి గుహ బయటపడిందని, ఇది 1898లో జరిగిందని క్సారావాళ్లు చెబుతారు. లోపల ఏడాది పొడుగునా ఒకే చల్లదనం. వైన్ నిల్వకు అంతకన్నా ఏం కావాలి?

ఆ గుహను సొరంగాలుగా విస్తరించిన సందర్భం మాత్రం విషాదకరమైనది. మొదటి ప్రపంచ యుద్ధంలో మౌంట్ లెబనాన్‌ను కరువు కబళించింది. 1915లో మిడతల దండు పంటలను ఊడ్చేసింది. మిత్రరాజ్యాలు సముద్రం మీద దిగ్బంధం పెట్టాయి. ఒట్టోమన్ సైన్యం ఉన్న ధాన్యాన్ని తన అవసరాలకు లాక్కుంది. యుద్ధం ముగిసేసరికి సుమారు రెండు లక్షల మంది చనిపోయారని అంచనా. ఆ రోజుల్లో జనానికి కూలి దొరకాలని గుహలోంచి సొరంగాలు తవ్వించారు. ఇప్పుడు అవి దాదాపు 2 కిలోమీటర్ల పొడవున్నాయి. యాత్రికులు వాటిలో తిరుగుతూ వరుసగా పేర్చిన సీసాలను చూస్తారు. ఆ గోడలను గునపాలతో చెక్కినవాళ్లు పూట గడవని మనుషులు. అక్కడికి వెళ్లినవాళ్లు సీసాలతో పాటు ఆ గోడలనూ చూడాలి.

1973లో జెసూట్‌లు క్సారాను అమ్మేశారు. చర్చి సంస్థలు వ్యాపారాల నుంచి తప్పుకోవాలని వాటికన్ ప్రోత్సహించిన కాలమది. అప్పటికి దేశంలో తయారయ్యే వైన్‌లో సింహభాగం క్సారాదే. కానీ లెబనాన్ పేరును లండన్ వైన్ వర్తకుల నోట పలికించింది మాత్రం కొండకు ఇవతలి వైపున్న వేరొక కుటుంబం.

తోట ఒకచోట, వైనరీ ఒకచోట

1930లో గాస్తోన్ హోషార్ అనే ఇరవై ఏళ్ల యువకుడు ఫ్రాన్స్‌లో బోర్డో చూసి తిరిగొచ్చి, బీరూట్‌కు ఉత్తరాన గజీర్‌లో ఉన్న 18వ శతాబ్దపు కోటలో వైనరీ తెరిచాడు. కోట పేరు మ్జార్. అదే షాతో మ్యూజార్ అయింది. లెబనాన్ అప్పుడు ఫ్రెంచి పాలనలో ఉంది. అధికారులు, సైనికులే ప్రధాన కొనుగోలుదారులు.

ద్రాక్ష తోటలు బెకాలో ఉంటే వైనరీ కొండకు ఇవతల ఎందుకు పెట్టినట్టు? బెకా లోయ లెబనాన్‌లో కలిసింది 1920లో. ఆ సరిహద్దు ఎంతకాలం నిలుస్తుందో, లోయ రేపు సిరియాలోకి పోతుందేమోనన్న అనుమానం అప్పట్లో ఉండేదని, అందుకే రేవుకు దగ్గరగా పెట్టారని చెబుతారు. కారణం ఏదైనా ఫలితం ఒకటే. ప్రతి ఏటా కోసిన గుత్తులన్నీ లారీల్లో ఆ కనుమ దాటి రావాలి. శాంతి ఉన్నంతకాలం అది కొన్ని గంటల ప్రయాణం.

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యంతో లెబనాన్ వచ్చిన రోనాల్డ్ బార్టన్ బోర్డోలో పేరున్న వైన్ కుటుంబానికి చెందినవాడు. గాస్తోన్‌కు ఆత్మీయుడయ్యాడు. ఆ స్నేహానికి గుర్తుగా గాస్తోన్ తన చిన్న కొడుక్కి రోనాల్డ్ అని పేరు పెట్టుకున్నాడు. పెద్ద కొడుకు సెర్జ్ బోర్డోలో వైన్ శాస్త్రం చదివి, 1959లో తయారీ బాధ్యత చేతికి తీసుకున్నాడు. తను కోరిన రుచి కుదిరేదాకా ఏళ్ల తరబడి ప్రయోగాలు చేశాడు. చివరికి మూడు రకాల మీద నిలబడ్డాడు: బిగువునిచ్చే కాబెర్నే సావిన్యోన్, ఒళ్లునిచ్చే కారిన్యాన్, పరిమళమూ మృదుత్వమూ ఇచ్చే సాన్సో. ఏ ఏడు ఏది ఎంత అన్నది ఆ ఏటి పంట చూసి నిర్ణయించేవాడు. ఒక ఏటి మ్యూజార్ మరో ఏటి దానిలా ఉండదు. ఉండకూడదని కూడా ఆయన నమ్మకం.

లారీలు కదలని ఏళ్లు

1975 ఏప్రిల్‌లో అంతర్యుద్ధం మొదలైంది. పదిహేనేళ్లు సాగింది. బీరూట్ రెండుగా చీలింది. కొండ దారుల మీద ఒక్కో మలుపు ఒక్కో వర్గం చేతిలోకి పోయింది. సిరియా సైన్యం లోయలోకి వచ్చింది. 1982లో ఇజ్రాయెల్ సైన్యం దక్షిణం నుంచి దండెత్తింది. దేశంలో వైన్ కొనేవాళ్లు కరవయ్యారు. పంట మాత్రం ఆగదు. ఆగస్టు చివర పండటం మొదలై, అక్టోబరు దాకా కోతకు వస్తూనే ఉంటుంది.

1976లో దారులు పూర్తిగా మూతపడి మ్యూజార్ ఎర్ర వైన్ తయారే కాలేదు. 1983 సెప్టెంబరులో, సరిగ్గా కోతల వేళ, షూఫ్, ఆలే కొండల్లో యుద్ధం భగ్గుమంది. బీరూట్, డమాస్కస్ రోడ్డు వెళ్లేది ఆ కొండల్లోంచే. 1984లో లారీలు చుట్టుదారులు పట్టి రోజుల తరబడి తిరిగి వచ్చేసరికి ద్రాక్ష దారిలోనే పులియడం మొదలుపెట్టింది. ఆ ఏటి వైన్ మామూలుగా అంగళ్లకు రాలేదు. మిగిలిన ఏళ్లన్నిటా ఏదో ఒక దారిన ద్రాక్ష గజీర్‌కు చేరింది, వైన్ తయారైంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగి ఆ ప్రయాణాన్ని ఊహించుకోవాలి. తెల్లవారక ముందే లోయలోని బెదూయిన్ కూలీలు, ఆడా మగా, తోటలోకి దిగి చేత్తో గుత్తులు కోస్తారు. ద్రాక్ష కోసిన క్షణం నుంచే పాడవడం మొదలవుతుంది. ఎండెక్కితే తొక్క పగిలి రసం కారుతుంది. ఈగలు ముసురుతాయి. లారీ డ్రైవరు ఆ బరువుతో బయల్దేరి, ఒక వర్గం తనిఖీ కేంద్రం దాటి, ఇంకో వర్గం తనిఖీ కేంద్రంలో నిలబడి, కాగితాలు చూపించి, కాల్పులు ఆగేదాకా కాచుకుని కొండ దిగాలి. ఆ పదిహేనేళ్లలో వైన్ పుట్టిందంటే ముందుగా చెప్పుకోవలసింది ఆ కూలీల గురించి, ఆ డ్రైవర్ల గురించి.

దేశంలో గిరాకీ పోవడంతో సెర్జ్ సీసాలు పట్టుకుని ఇంగ్లండ్ వెళ్లాడు. 1979లో బ్రిస్టల్ నగరంలో జరిగిన వైన్ ప్రదర్శనలో, క్రిస్టీస్ వేలం సంస్థ వైన్ విభాగానికి పెద్ద అయిన మైకేల్ బ్రాడ్‌బెంట్ 1967 మ్యూజార్‌ను రుచి చూసి, ప్రదర్శనకే కొత్త ఆవిష్కరణ అని మెచ్చుకున్నాడు. అక్కడి నుంచి పేరు పాకింది. 1984లో బ్రిటన్ పత్రిక డికాంటర్ తన మొట్టమొదటి 'ఈ ఏటి మేటి' గౌరవాన్ని సెర్జ్‌కే ఇచ్చింది. లారీలు దారిలో చిక్కుకుపోయిన సంవత్సరమూ అదే.

సెర్జ్ గురించి ఇంకో సంఘటన వైన్ లోకంలో బాగా ప్రచారంలో ఉంది. ఒకసారి ఫిరంగి గుండ్లు పడుతుంటే ఇరుగుపొరుగువాళ్లు నేలమాళిగలోకి పరుగెత్తారు. ఆయన మాత్రం ఇంట్లోనే ఉండి, 1972 సీసా మొత్తం ఒక పెద్ద గ్లాసులో వంపుకుని, గంటల తరబడి ఒక్కో గుక్క తాగుతూ అది ఎలా మారుతోందో గమనించాడట. తను చేసిన వైన్ ప్రాణమున్నదని ఆయన నమ్మేవాడు. 2014 డిసెంబరు 31న మెక్సికోలో సముద్ర స్నానానికి వెళ్లి ప్రమాదవశాత్తు మరణించాడు. వైనరీని ఇప్పుడు కుటుంబం నడుపుతోంది.

సీసాలోకి చేరడానికి ఏడేళ్లు

మ్యూజార్ ఎర్ర వైన్ కోత అయిన ఏడేళ్లకు గాని అంగడికి రాదు. మూడు రకాలనూ విడివిడిగా సిమెంటు తొట్లలో, తొక్కల మీద సహజంగా ఉండే ఈస్టుతోనే పులియబెడతారు. తర్వాత ఏడాది పాటు ఫ్రెంచి ఓక్ పీపాల్లో ఉంచుతారు. అటుపైన కలిపి, వడగట్టకుండానే సీసాల్లో నింపి, కొండ కింది నేలమాళిగల్లో మరికొన్నేళ్లు పడుకోబెడతారు.

వడగట్టరు కాబట్టి అడుగున మడ్డి చేరుతుంది. అది చెడిపోయిందనడానికి గుర్తు కాదు. సీసాను ఒక రోజు ముందే నిలబెట్టి ఉంచాలి. బిరడా మెల్లగా తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని వేరే పాత్రలోకి నెమ్మదిగా వంచాలి. సీసా మెడలో నల్లటి చార కనిపించగానే ఆపెయ్యాలి. మొదట ముక్కుకు కొంచెం ఘాటుగా, పుల్లగా తగులుతుంది. గంటా రెండు గంటలు గాలి తగిలాక ఎండు చెర్రీ, అత్తిపండు, తోలు, దాల్చినచెక్క వాసనలు ఒక్కొక్కటే బయటికి వస్తాయి. రంగు ముదురు ఎరుపు నుంచి ఇటుక రంగుకు తిరిగి ఉంటుంది. ఆ తొలి ఘాటును దోషమనే నిపుణులూ ఉన్నారు, అదే దాని ప్రాణమనే అభిమానులూ ఉన్నారు. సెర్జ్ దాన్ని తీసెయ్యడానికి ఎన్నడూ ఒప్పుకోలేదు. ఆయన చేసింది సరైన పనే. అన్ని దేశాల వైన్‌లూ ఒకే అచ్చులో పోసినట్టు తయారైతే నేల గురించి మాట్లాడుకోవడానికి ఏమీ మిగలదు.

పళ్లెంలో ఏముండాలి

లెబనాన్ భోజనం మెజ్జెతో మొదలవుతుంది. చిన్న చిన్న గిన్నెల్లో హమ్ముస్, కాల్చిన వంకాయ ముద్ద, నిమ్మరసం దండిగా పిండిన తబ్బూలె, పచ్చి మాంసంతో చేసే కిబ్బె నయ్యె. వీటికి జోడీ ఎర్ర వైన్ కాదు, అరక్. ద్రాక్ష నుంచి దించి సోపు వాసన పట్టించిన ఆ తెల్లటి మద్యమే అక్కడ మెజ్జెకు తోడు. నిమ్మ పులుపు ముందు ఎర్ర వైన్ తేలిపోతుంది.

ఎర్ర వైన్ వంతు గొర్రె మాంసం వచ్చాక. ద్రాక్ష తొక్క నుంచి వచ్చే వగరు నాలుకను ఎండగడుతుంది. మాంసంలోని మాంసకృత్తులు, కొవ్వు ఆ వగరును పట్టేసుకుంటాయి. అందుకే బొగ్గుల మీద కాల్చిన గొర్రె ముక్కతో పాటు తాగితే వైన్ మెత్తబడుతుంది, మాంసం జిడ్డు తేలికవుతుంది. ఉల్లి, పార్స్లీ దట్టించిన కఫ్తా, గోధుమ రవ్వా మాంసమూ కలిపి పళ్లెంలో పరిచి కాల్చిన కిబ్బె, ఖీమా, పైన్ గింజలు కూరిన వంకాయలు, పచ్చి గోధుమలను కాల్చి ఎండబెట్టిన ఫ్రీకెతో వండిన గొర్రె మాంసం, అన్నీ బాగా నప్పుతాయి. బాల్‌బెక్ ప్రత్యేకత స్ఫీహ. చిన్న చతురస్రపు రొట్టె మీద ఖీమా, దానిమ్మ పాకం వేసి కాలుస్తారు. ఆ తీపి పులుపు వైన్‌లోని పండు రుచిని పైకి తెస్తుంది. చలికాలం కోసం గొర్రె తోక కొవ్వులో వేయించి జాడీల్లో దాచుకునే అవర్మా కూడా ఈ వైన్‌కు తగిన జోడీయే. మాంసం తిననివారికి మసూరు పప్పూ బియ్యమూ కలిపి, నల్లగా వేయించిన ఉల్లిపాయలు పైన చల్లిన ముజద్దర ఉంది.

అక్కడి హ్రీసె గురించి హైదరాబాద్ పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. గోధుమలూ మాంసమూ కలిపి రాత్రంతా పెద్ద డేగిసాల్లో ఉడికించి చేస్తారు. క్రైస్తవులు మరియమాత పండుగకు, షియాలు ఆషూరాకు వండి ఊరంతా పంచుతారు. అరబ్బుల ఈ వంటకమే నిజాం సైన్యంలో చేరిన యెమెన్ అరబ్బుల వెంట బార్కస్‌కు చేరి హరీస్ అయింది, మసాలాలు కలిసి మన హలీం అయింది.

మన ఇళ్లలో ప్రయత్నించేవారికి రెండు మాటలు. గుంటూరు కారం దట్టించిన మాంసం కూరతో ఈ వైన్ తాగితే కారం మరింత మండుతుంది, వైన్ చేదెక్కుతుంది. మిరియాలు, దాల్చినచెక్కతో వండిన గొర్రె మాంసం ఎంచుకోండి. గది చల్లదనంలో తాగాలని పుస్తకాల్లో రాసేది చలి దేశాల గదుల గురించి. మన వేసవిలో సీసాను కాసేపు ఫ్రిజ్‌లో పెట్టి, 18 డిగ్రీల దగ్గరికి తెచ్చి తాగాలి.

ఇవాళ్టి లోయ

అంతర్యుద్ధం ముగిసేనాటికి వేళ్ల మీద లెక్కపెట్టేన్ని ఉన్న వైనరీలు ఇప్పుడు యాభై దాటాయి. కష్టాలు కూడా వెంటే వచ్చాయి. 2006లో మళ్లీ యుద్ధం. 2019లో బ్యాంకులు కుప్పకూలి జనం దాచుకున్న సొమ్ము చిక్కుకుపోయింది. 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో పేలుడు నగరాన్ని ఛిద్రం చేసింది. 2024 శరదృతువులో, మళ్లీ కోతల కాలంలోనే, బెకా మీద బాంబులు పడ్డాయి.

వైన్ సీసా మీద రాసే సంవత్సరం రుచి చెప్పడానికే అనుకుంటాం. లెబనాన్ విషయంలో అది చరిత్ర పాఠం కూడా. 1983 అని ఉన్న సీసా కొండ యుద్ధం మధ్యలోంచి వచ్చింది. 1976 అన్న ఎర్ర మ్యూజార్ సీసా అసలు లేదు. నాయకుల పేర్లు, ఒప్పందాల తేదీలు చరిత్ర పుస్తకాల్లో ఉంటాయి. గుత్తులు కోసిన బెదూయిన్ స్త్రీల పేర్లు, లారీ నడిపిన డ్రైవర్ల పేర్లు ఎక్కడా రాసి ఉండవు. కానీ వాళ్లు లేకుండా ఈ వైన్ లేదు. లెబనాన్ వైన్ గురించి ఎవరు రాసినా, ఎవరు మాట్లాడినా, కోటల పేర్ల కన్నా ముందు ఆ శ్రమను చెప్పాలి. అది ఆ లోయకు మనం ఇవ్వవలసిన కనీస గౌరవం.

(వచ్చే వారం: అరక్ బట్టీలు, సోపు వాసన, జహ్లె వాగు ఒడ్డు భోజనశాలలు)